తాలు

"మిరపపువ్వు ఏ రంగులో ఉంటుంది అబ్బా?"
శనివారం రాత్రి
డ్రాయింగు పుస్తకం ఒళ్లో పెట్టుకుని
అడిగింది షాహీనా.

పందొమ్మిదేళ్లుగా గుంటూరు యార్డులో గుమాస్తాని.
కళ్లు మూసుకుని కాయ విరిస్తే చాలు
తేజో, బాడిగో, మూడువందల ముప్పైనాలుగో చెప్పేస్తాను.
ఎంత తేమ ఉందో వేలికొస చెబుతుంది.
తుమ్మడం మానేసిన ముక్కు నాది.
పువ్వు సంగతి మాత్రం
ఏ చిట్టాలోనూ రాసి లేదు.

ఆదివారం యార్డుకి సెలవు.
పిల్లని బండి వెనక కూర్చోబెట్టుకుని
ఏటుకూరు దాటి, పత్తిపాడు దాటి
నల్లరేగడి డొంకలో ఎగిరెగిరి పడుతూ వెళ్లాం.
"ఎప్పుడైనా రండి సుభానీ గారూ మా చేనికి" అని
ప్రతి ఏడూ పట్టీ తీసుకుంటూ అంటాడు మస్తాన్‌రావు.
అలా అనడం మర్యాద.
నిజంగా వెళ్లడం మర్యాదో కాదో నాకు తెలీదు.

బండి చప్పుడికి కోత ఆగింది.
మస్తాన్‌రావు మొహంలో ముందు అప్పు కదిలింది,
తర్వాత నవ్వు వచ్చింది.
ఎక్కడి నుంచో ఒక ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది,
ఒక కాలు సొట్ట.
కల్లం అంచున వాళ్లమ్మ నాంచారమ్మ
చేటలోని తెల్లకాయల్ని
గోనెపట్టా కిందికి గబగబా తోసేసింది.
నేను చూశాను.
నేను చూసినట్టు ఆమె చూసింది.

"బొమ్మ కోసం వచ్చాం" అన్నాను.
"పువ్వు బొమ్మ."
ఎవరూ నమ్మలేదు.

షాహీనా అప్పటికే సాళ్ల మధ్య చతికిలబడింది,
జడ రిబ్బను ఒక్కటే పైకి కనిపిస్తోంది.
"అబ్బా, తెలుపు! తల కిందికి వేసుకుని ఉంది!"
వంగితే గాని కనపడని పువ్వు.
వంగాను. మోకాళ్లు పటపటమన్నాయి.
అవును, తెలుపే. ముక్కుపుడకంత.
ఇంత కారం అక్కడి నుంచే మొదలవుతుందంటే
లెక్క కుదరలేదు నాకు.

సువార్తమ్మ దానికి కాయ కొయ్యడం నేర్పింది:
"లాక్కూడదు పాపా,
తొడిమ మీద బొటనవేలు పెట్టి పైకి విరువు."
ఆమె వేళ్లకి గుడ్డపేలికలు చుట్టి ఉన్నాయి.
నా చేతులు జేబుల్లో పెట్టుకున్నాను.

నల్లతామర గురించి చెప్పాడు మస్తాన్‌రావు,
పదకొండుసార్లు మందు కొట్టిన సంగతి,
కౌలు సంగతి, కూలి సంగతి.
చెబుతూ చెబుతూ ఆగి
"మీకు తెలియందేముంది" అన్నాడు.
నాకు తెలియదు.
తల ఊపాను.

మధ్యాహ్నం గట్టు మీద, తుమ్మనీడలో
అన్నం, పప్పు, నూనెలో వేయించిన పాలిపోయిన మిరపకాయలు.
షాహీనా ఒకదాన్ని వెలుగుకి ఎత్తి పట్టుకుంది.
లోపలి గింజలు నీడల్లా కనిపించాయి.
"ఇదెందుకు ఎర్రగా లేదు మామ్మా?"

నాంచారమ్మ నా వైపు చూసింది,
కాటా ముల్లు నిలబడేదాకా చూసినట్టు.
"అది ఎర్రబడటం మర్చిపోయిన కాయ తల్లీ.
అమ్మకానికి పనికిరాదు గానీ
అన్నంలోకి బాగుంటుంది."

నా పుస్తకంలో దాని పేరు తాలు.
టిక్కీలో గుప్పెడు కనిపిస్తే
క్వింటాలుకి ఇంత అని కొట్టేస్తాను,
ఎర్రసిరాతో.
కొట్టేసిందంతా ఎక్కడికి పోతుందో
ఎప్పుడూ అడగలేదు.
ఇదిగో, నా విస్తట్లోకి వచ్చింది.
బాగుంది. మారు అడిగాను.

వచ్చేటప్పుడు సంచీ ఒకటి చేతిలో పెట్టాడు మస్తాన్‌రావు.
అలవాటుగా చెయ్యి పైకీ కిందికీ ఆడింది:
"రెండు కిలోల మూడువందలు."
"తరుగు తీసేశారా సుభానీ గారూ?"
అందరూ నవ్వారు, సువార్తమ్మ కూడా,
నేను కూడా.
ఏటుకూరు వచ్చేదాకా ఆ నవ్వు
మిరపగింజలా గొంతుకి అడ్డం పడే ఉంది.

బొమ్మలో మొక్క వంకరగా వచ్చింది.
పువ్వులు గిన్నెలంత అయిపోయాయి.
కాయలకి రుద్దీ రుద్దీ ఎర్ర క్రేయాను అరిగిపోయింది.
ఒక్కదానికి మాత్రం రంగు లేదు.
"మర్చిపోయావా?"
"నేను కాదు. అది మర్చిపోయింది."

గురువారం మస్తాన్‌రావు టిక్కీలు దిగుతాయి.
మోచేతి దాకా చెయ్యి లోపలికి పెడతాను.
పెట్టకపోతే షావుకారు వేరేవాణ్ణి పెడతాడు.
తెల్లకాయ పైకి వస్తుంది, రాకుండా ఉండదు.
దాన్ని ఏ పేరుతో పిలవాలో
ఇంకా తేలలేదు నాకు.